శనివారం రాత్రి మాదాపూరా, ఆదివారం తెల్లారుజామున చార్మినారా?

గురువారం సాయంత్రానికి మా వాట్సాప్ గ్రూపులో ఆ ప్రశ్న వచ్చేస్తుంది: "ఈసారి ఎక్కడ?" మేం ఎనిమిది మందిమి. ఇద్దరిది ఉప్పల్, ముగ్గురిది కొండాపూర్ వైపు, ఒకరిది మలక్‌పేట, ఒకరిది కూకట్‌పల్లి. నేనుండేది చిక్కడపల్లిలో. ఒకతను అమెరికా వేళల్లో పనిచేస్తాడు. ఒకామెకు మూడేళ్ల పాప. హైదరాబాదులో ఇంతమంది ఒకచోట చేరడమంటే చిన్న పని కాదు. కొన్నేళ్లుగా రెండు పద్ధతులూ చేసి చూశాం కాబట్టి, ఏది మేలో నాకు తోచింది చెప్తాను.

మొదటిది శనివారం రాత్రి. మాదాపూర్, హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఏదో ఒక రెస్టారెంట్. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచాక ఆ వైపు రాత్రిళ్లు ఇంకా అందంగా మారాయి. నీళ్లలో ఆ రంగుల దీపాలు చూస్తూ నిలబడితే వారమంతా పడ్డ అలసట కాసేపు గుర్తుకు రాదు. చేరుకోవడమూ సులువే. ఉప్పల్‌లో మెట్రో ఎక్కిన వాళ్లు నేరుగా రాయదుర్గంలో దిగొచ్చు, మధ్యలో మారే పని లేదు. వర్షం వచ్చినా భయం లేదు, ఏసీ ఉంటుంది, శుభ్రమైన టాయిలెట్ ఉంటుంది. పుట్టినరోజుకో, విదేశం నుంచి ఎవరైనా వచ్చినప్పుడో నేను ఇదే ఎంచుకుంటాను.

కానీ ప్రతి వారం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మా గుంపులో ఇద్దరు శనివారం నీసు ముట్టరు. వాళ్లు పన్నీరు ముక్కలు నాలుగు తిని, బిర్యానీ తిన్న వాళ్లతో సమానంగా డబ్బు కడతారు. ఎవరూ పైకి అనరు గానీ నాకు ఆ బిల్లు చూసినప్పుడల్లా మనసొప్పదు. ఇక మెట్రో ఆఖరి రైలు పదకొండు ప్రాంతాల. అసలు మాటలు మొదలయ్యేసరికి ఉప్పల్ వాళ్లు వాచీ చూసుకుంటారు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఆ పొడుగాటి బల్ల. ఎవరి పక్కన కూర్చుంటే ఆ రాత్రంతా వాళ్లతోనే. బల్ల ఆ చివరనున్న మనిషితో, పైనుంచి వచ్చే పాటల హోరులో, చెయ్యి ఊపడం తప్ప ఏం మాట్లాడగలం?

ఆ వైపు నాకు బాగా నచ్చేది గచ్చిబౌలిలో డీఎల్ఎఫ్ ఐటీ ఆఫీసుల ఎదురుగా ఉండే తిండి బండ్లు. అక్కడ నిలబడి తింటాం, తిరుగుతాం, ఎవరు తిన్నదానికి వాళ్లే ఇస్తారు. ఆ నిలబడటంలోనే ఏదో ఉందని నాకు అక్కడే అర్థమైంది.

రెండోది ఆదివారం తెల్లారుజాము. నాలుగున్నరకి మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండీ. దోసె మీద వెన్న, ఉప్మా, కారం, అంతా పెనం మీదే కలిపి మడిచి ఇస్తారు. అప్పటికింకా మెట్రో ఉండదు, బైకులో ఆటోలో తప్పదు. అమెరికా షిఫ్టు స్నేహితుడికి ఆ వేళ ఎలాగూ మెలకువే. వారమంతా మేం నిద్రపోయే వేళకి అతను పనిలో ఉంటాడు. ఈ ఒక్క పూటే మా అందరి గడియారాలూ కలుస్తాయి.

అక్కణ్ణించి నడక. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపుల్, అవతల మదీనా, పత్తర్‌గట్టి, చార్‌కమాన్, చార్మినార్. మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. పగలు ఆ దారిలో అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం, ఆ వేళకి మాత్రం రోడ్డంతా మనదే. నయాపుల్ మీద ఆగితే మూసీకి ఈ ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, ఆ ఒడ్డున హైకోర్టు. 1908 వరదలో ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. మలక్‌పేట అతను తన తాత చెప్పగా విన్నట్టు ఆ సంగతి చెప్తుంటే, మేం వంతెన గోడకి ఆనుకుని వినడం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టే ఉంటుంది.

నడకలో జతలు మారుతుంటాయి. ఒకరు చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి ఆగితే వెనకున్న వాళ్లు కలుస్తారు, రోడ్డు దాటేటప్పుడు ఇంకొకరు పక్కకొస్తారు. చార్మినార్ చేరేలోపు ఎనిమిది మందీ ఎనిమిది మందితో మాట్లాడి ఉంటారు. ఇంకో మాట, పక్కపక్కన నడిచేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడక్కర్లేదు. ఉద్యోగం పోయి రెండు నెలలైందని ఒక స్నేహితుడు నాతో చెప్పింది పత్తర్‌గట్టిలో, మూసి ఉన్న షట్టర్ల పక్కన నడుస్తూ. అంతకుముందు రెండు శనివారాలు మేం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. అప్పుడు చెప్పలేదు.

చార్మినార్ 1591 నాటిది. దాని పక్కనే నిమ్రా కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. డికాషన్ వేరుగా, పాలు వేరుగా కాచి కప్పులో కలిపే చాయ్ అది. నిలబడే తాగుతాం. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఇక్కడికే వస్తారు, ఎవరికోసమూ ఎవరూ దోసెలు చల్లార్చుకోనక్కర్లేదు. గాజులు కొనాలంటే మాత్రం ఆ వేళకి లాడ్‌బజార్ తెరవరు. 2024లో జీఐ (ఒక ఊరి ప్రత్యేక వస్తువుకిచ్చే) గుర్తింపు వచ్చిన ఆ లక్క గాజులు కావాలంటే బాగా పొద్దెక్కాక రావాలి. రంజాన్ నెలలో అయితే నా లెక్క మొత్తం మారుతుంది. అప్పుడు పాతబస్తీకి రాత్రే రావాలి, హలీం కోసం.

తర్వాత అబిడ్స్. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. పాప వచ్చిన రోజు అబిడ్స్ మానేసి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తాం. అక్కడి గడియారంలో గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడే జనం ఎక్కువ. పాప వాళ్ల అమ్మ భుజమెక్కి లెక్కపెట్టింది, ఏడు తర్వాత తొమ్మిదికి వెళ్లింది, పక్కనున్న పెద్దాయన "ఎనిమిది, బేటా" అని అందించాడు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది.

కష్టాలు దాచను. ఆ వేళకి ఆడవాళ్లకు సరైన టాయిలెట్ దొరకడం కష్టం, అందుకే మా వాళ్లలో ఎవరో ఒకరి ఇంటి దగ్గర కలిసి బయల్దేరడం అలవాటు చేసుకున్నాం. ఏప్రిల్, మే నెలల్లో పదింటికే ఎండ మాడ్చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లని మూడు కిలోమీటర్లు నడిపించడం న్యాయం కాదు, వాళ్లని ఆటోలో నేరుగా చాయ్ దగ్గరికి రమ్మనాలి.

ఎవరింట్లోనైనా వండుకుని తినడం మూడో దారి. అది కూడా బాగుంటుంది గానీ, ఆ ఇంటివాళ్లు వంటింట్లోంచి బయటికి రావడం నేను తక్కువగా చూశాను.

నెలకి ఒక్కసారే కలవగలిగితే ఏది అని అడిగితే, తడుముకోకుండా ఆదివారమే అంటాను. తలా మూడొందల లోపే అయిపోతుంది. శనివారం రాత్రి నిద్రకి, ఆదివారం మధ్యాహ్నం ఇంటివాళ్లకి మిగులుతుంది. పన్నెండున్నరకి విడిపోతే, భోజనాల వేళకి ఉప్పల్ వాళ్లు కూడా ఇంట్లో ఉంటారు, చేతిలో అబిడ్స్‌లో కొన్న పుస్తకం సంచీతో.