చవక స్టీలు తూటాలు పిస్టల్‌కు పనికొస్తాయా?

9 మిల్లీమీటర్ల సర్వీస్ పిస్టల్‌లో (పోలీసులు, సైనికులు వాడే తరహా పిస్టల్), ఆరుబయట షూటింగ్ రేంజ్‌లో, కేవలం సాధన కోసం కాల్చేవారికి చవక స్టీలు కేసింగ్ (మందును, బుల్లెట్‌ను పట్టి ఉంచే లోహపు డొల్ల) తూటాలు పనికొస్తాయి. ఇంటి రక్షణ కోసం మ్యాగజైన్‌లో (పిస్టల్‌కు తూటాలు అందించే పెట్టెలో) నింపి ఉంచుకోవడానికి మాత్రం అవి తగవు. ఈ అభిప్రాయానికి నేను ఏ ఆధారాలతో వచ్చానో, ఏ పిస్టళ్లలో అవి బాగా నడిచాయో, ఎక్కడ మొరాయించాయో కొంత వివరంగా చెప్పదలిచాను.

వరంగల్ ఆర్‌ఈసీలో, అంటే ఇప్పటి ఎన్‌ఐటీలో, మెటలర్జీ చదివి, టెక్సాస్‌లో చాలాకాలం ఉద్యోగం చేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. టెక్సాస్‌లో ఉన్నన్నాళ్లూ పిస్టల్ షూటింగ్ నా వ్యాపకం. హనుమకొండ, పరకాల, జమ్మికుంట, హుజూరాబాద్ వైపు నుంచి వెళ్లి డాలస్ చుట్టుపక్కల స్థిరపడి, గ్రీన్ కార్డు వచ్చాక పిస్టల్ కొనుక్కున్న మన పిల్లలు ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మా మేనల్లుడైతే ఫోన్‌లో బాక్సు ఫొటో చూపించి, "మామా, గివి ఇత్తడి వాటికన్న సస్తగున్నయి, పిస్టల్‌ల పెడితే ఏం కాదు గద?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు.

నేను ఎక్కువగా వాడినవి 50 తూటాల బాక్సులో వచ్చే రష్యా తయారీ 9 మిల్లీమీటర్ల తూటాలు. బుల్లెట్ బరువు 115 గ్రెయిన్లు, అంటే సుమారు ఏడున్నర గ్రాములు. కేసింగ్ బూడిద రంగులో, మెరుపు లేకుండా, తుప్పు పట్టకుండా వేసిన పాలిమర్ పూతతో ఉంటుంది. ఇదే తరహా తూటాలు కొన్ని లక్క వంటి వార్నిష్ పూతతోనూ, కొన్ని జింకు పూతతోనూ వస్తాయి. బుల్లెట్ చూడటానికి రాగి రంగులోనే ఉన్నా, చిన్న అయస్కాంతం దగ్గర పెడితే ఠక్కున అంటుకుంటుంది. కారణం, సీసం ముద్ద మీద ఉన్న తొడుగు పలుచని స్టీలు. దానిపైన ఉన్న రాగి కేవలం పూత. దీన్ని బైమెటల్ తొడుగు అంటారు. కొనేవారు కేసింగ్ సంగతి వేరు, బుల్లెట్ తొడుగు సంగతి వేరు అని మొదటే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ రెండూ తెచ్చే ఇబ్బందులు వేరు వేరు.

ముందుగా కేసింగ్ విషయం. మందు అంటుకున్నప్పుడు 9 మిల్లీమీటర్ల తూటాలో పుట్టే పీడనానికి అమెరికా పరిశ్రమ ప్రమాణం పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ఆ పీడనానికి కేసింగ్ ఉబ్బి చాంబర్ (పిస్టల్ గొట్టం వెనక తూటా కూర్చునే అర) గోడకు గట్టిగా ఒత్తుకుని, వేడి వాయువు వెనక్కి రాకుండా మూత వేయాలి. బుల్లెట్ గొట్టం దాటి పీడనం పడిపోగానే మళ్లీ కాస్త కుంచించుకుని, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసింగ్‌ను బయటికి లాగే కొక్కెం) పట్టి లాగితే సులువుగా ఊడి రావాలి. ఈ రెండు పనులకూ ఇత్తడిని మించినది దొరకదు. తూటాలకు వాడే ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు ఉంటాయి. పెంబర్తిలో విగ్రహాల తొడుగులు, ద్వారపు రేకులు చేసే కంసాలి పనివారిని గమనించినవారికి ఈ లోహం స్వభావం తెలిసే ఉంటుంది: కొట్టేకొద్దీ రేకు గట్టిపడుతుంది, కాల్చి చల్లారిస్తే మెత్తబడి మళ్లీ సాగుతుంది. తూటా కర్మాగారంలోనూ ఇత్తడి బిళ్లను గిన్నెలా వంచి, గొట్టంగా సాగదీస్తూ, మధ్య మధ్య కాల్చి మెత్తబరుస్తారు. అడుగు భాగాన్ని గట్టిగానూ, మూతి భాగాన్ని మెత్తగానూ ఉంచుతారు. అందుకే మూతి వెంటనే ఉబ్బి మూత వేస్తుంది, అడుగు ఎక్స్‌ట్రాక్టర్ లాగుడుకు తట్టుకుంటుంది.

స్టీలు స్థితిస్థాపక గుణకం (సాగదీసే బలానికి లోహం ఎంత లొంగకుండా నిలుస్తుందో చెప్పే కొలత) ఇత్తడికి దాదాపు రెట్టింపు ఉంటుంది. అంటే ఒకే బలం ఉన్న రెండు గొట్టాలను సాగదీసి వదిలితే, స్టీలు గొట్టం ఇత్తడి గొట్టమంతగా వెనక్కి కుంచించుకోదు. పైగా మూతి దగ్గర ఇత్తడంత తేలికగా ఉబ్బదు కాబట్టి, తక్కువ పీడనం ఉన్న మొదటి క్షణంలో మూత సరిగా పడక వాయువు పక్క నుంచి వెనక్కి జారుతుంది.

ఇది పుస్తకంలో చదువుకున్న మాటగానే మిగలలేదు, చేతిలో కనిపించింది. ఒకే పిస్టల్ నుంచి బయటపడిన రెండు ఖాళీ కేసింగ్‌లను పక్కపక్కన పెట్టి చూశాను. ఇత్తడి దానికి మూతి అంచున సన్నని మసి వలయం తప్ప మిగతా ఒళ్లంతా శుభ్రంగా మెరుస్తున్నది. స్టీలు దానికి మూతి నుంచి మొదలైన నల్లటి చార ఒక పక్కగా సగం పొడవు దాకా దిగింది. వేలితో రుద్దితే వేలు నల్లబడింది. చాంబర్‌లో తెల్లగుడ్డ చుట్టిన బ్రష్‌ను తిప్పి తీస్తే, ఇత్తడి తూటాలు కాల్చినప్పుడు బూడిద రంగులో వచ్చే గుడ్డ, స్టీలు తూటాల తర్వాత కాటుకలా వచ్చింది.

స్టీలు కేసింగ్ మీది పూత వేడికి కరిగి చాంబర్‌లో జిగురులా పట్టుకుంటుందని, అందుకే తూటాలు ఇరుక్కుంటాయని షూటర్ల మధ్య గట్టి నమ్మకం ఉంది. నేను చూసినంతలో అసలు దోషి పూత కాదు, ఈ మసే. స్టీలు తూటాలు వరసగా కాల్చి, చాంబర్ శుభ్రం చేయకుండా వెంటనే ఇత్తడి తూటాలు పెట్టినప్పుడే ఇరుక్కోవడం ఎక్కువగా జరుగుతుంది. ఇత్తడి కేసింగ్ బాగా ఉబ్బి ఆ మసి పొరలోకి ఒత్తుకుపోయి పట్టేసుకుంటుంది. ఒకే రోజు రెండు రకాలూ కాల్చదలిస్తే ముందు ఇత్తడివి, తర్వాత స్టీలువి కాల్చాలి. ఇంటికి రాగానే చాంబర్‌ను విడిగా, శ్రద్ధగా తుడవాలి.

పిస్టల్‌ను బట్టి ఫలితం చాలా మారింది. 9 మిల్లీమీటర్ల సర్వీస్ పిస్టల్ అయిన గ్లాక్ 19లో ఈ తూటాలు నాకు ఏ చిక్కూ పెట్టలేదు. సర్వీస్ పిస్టళ్లలో చాంబర్ కాస్త వదులుగా, ఎక్స్‌ట్రాక్టర్ బలంగా ఉండటం ఇందుకు ఒక కారణమైతే, 9 మిల్లీమీటర్ల తూటా ఆకారం మరో కారణం. దాని కేసింగ్ అడుగున 9.93 మిల్లీమీటర్లు, మూతి దగ్గర 9.65 మిల్లీమీటర్లు, అంటే కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది. వెనక్కి ఒక్క వెంట్రుకవాసి కదలగానే గోడ నుంచి విడిపోతుంది. ఇంకాస్త లావైన .45 ఏసీపీ అనే పిస్టల్ తూటా కేసింగ్ దాదాపు నిటారు గొట్టం కాబట్టి చివరిదాకా గోడను రాసుకుంటూనే రావాలి. గురి పోటీల కోసం బిగువైన చాంబర్‌తో చేసిన 1911 (పాత అమెరికా సైనిక పిస్టల్ నమూనా) తరహా .45 పిస్టల్‌లో ఇదే రకం స్టీలు తూటాలు వేస్తే, రెండు మ్యాగజైన్లు గడవకముందే కేసింగ్ లోపలే నిలిచిపోయింది. అలాంటప్పుడు పిస్టల్ గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, మ్యాగజైన్ తీసేసి, రేంజ్ అధికారిని పిలవడమే పద్ధతి. స్లైడ్‌ను (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగాన్ని) బల్లకేసి కొట్టడం ప్రమాదం. ట్రిగ్గర్ నొక్కాక తూటా పేలకపోతే అది ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది కాబట్టి, కనీసం 30 సెకన్లు అలాగే పట్టుకుని ఆగాలి.

చేతికి తగిలే దెబ్బ కొంచెం తక్కువగానే అనిపించింది. ఈ చవక తూటాల్లో మందు మోతాదు మెత్తగా ఉండటం మామూలే. కొత్తగా కొన్న, స్ప్రింగ్ ఇంకా సర్దుకోని చిన్న పిస్టళ్లలో ఈ మెత్తదనం వల్ల స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక తర్వాతి తూటా అందుకోలేని సందర్భాలు వస్తాయి. గురి విషయంలో, 10 గజాల దూరానికి ఇత్తడి తూటాలతో తేడా పట్టుకోలేకపోయాను. 25 గజాల దగ్గర మాత్రం రంధ్రాలు స్పష్టంగా చెదిరాయి. కొత్తగా నేర్చుకునేవారికి 10 గజాల సాధనే ముఖ్యం కాబట్టి దీన్ని లోపంగా లెక్కపెట్టను.

స్టీలు కేసింగ్ అనగానే నాసిరకం అని తోసిపుచ్చడం న్యాయం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కొరత వచ్చినప్పుడు జర్మనీ 9 మిల్లీమీటర్ల తూటాలను వార్నిష్ పూసిన స్టీలుతో చేసింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఎవాన్స్‌విల్‌లో క్రైస్లర్ కంపెనీ నడిపిన కర్మాగారం .45 తూటాలను స్టీలు కేసింగ్‌లతో భారీ ఎత్తున తయారు చేసింది. సోవియట్ మకరోవ్ పిస్టల్‌కైతే స్టీలు తూటా మామూలు ఆహారం. అమెరికా కంపెనీ వించెస్టర్ కూడా స్టీలు కేసింగ్‌తో 9 మిల్లీమీటర్ల తూటాలను అమ్మింది. సైన్యాలు వాడినది పిస్టల్‌ను ఒక్కరోజులో పాడుచేయదు.

ఇక అరుగుదల సంగతి. కేసింగ్‌కు వాడేది మెత్తటి స్టీలు, ఎక్స్‌ట్రాక్టర్ గట్టిపరచిన స్టీలు. ఇత్తడి కంటే కొంత త్వరగా అరిగినా ఎక్స్‌ట్రాక్టర్ పెద్ద ఖర్చు లేని, మార్చుకోగలిగే భాగం. గొట్టం లోపలి గాడుల మీద పనిచేసేది బైమెటల్ తొడుగు. లక్కీ గన్నర్ అనే అమెరికా తూటాల వ్యాపార సంస్థ 2013లో ప్రచురించిన పరీక్షలో ఏఆర్-15 రైఫిళ్లలో ఒక్కోదానికి 10,000 తూటాల లెక్కన కాల్చాలని పెట్టుకున్నారు; బైమెటల్ బుల్లెట్లు కాల్చిన గొట్టాలు సుమారు 6,000 దగ్గరే అరిగిపోగా, రాగి తొడుగు బుల్లెట్లు కాల్చిన గొట్టం చివరిదాకా నిలిచింది. చాలామంది ఈ ఫలితాన్ని తెచ్చి పిస్టళ్లకు అంటగడతారు. అది పొరపాటు. రైఫిల్ బుల్లెట్ వేగం సెకనుకు 3,000 అడుగుల దరిదాపుల్లో ఉంటే, 115 గ్రెయిన్ల పిస్టల్ బుల్లెట్ వేగం 1,150 అడుగుల ప్రాంతంలో ఉంటుంది. పీడనమూ, వేడీ చాలా తక్కువ. నెలకు ఒకసారి రేంజ్‌కు వెళ్లేవారు ఈ భయంతో నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినది రేంజ్‌ల నియమం. నాలుగు గోడల మధ్య నడిచే రేంజ్‌లు చాలావరకు స్టీలు తూటాలను, ముఖ్యంగా బైమెటల్ బుల్లెట్లను రానివ్వవు. ఒకచోట కౌంటర్ దగ్గరే బాక్సు తెరిపించి, అయస్కాంతం పెట్టి చూసి, వాళ్ల దగ్గర అమ్మే ఖరీదైన తూటాలు కొనుక్కుంటేనే లోపలికి పంపారు. స్టీలు తొడుగు నిప్పురవ్వలు రేపుతుంది, వెనకున్న బుల్లెట్ అడ్డుగోడను తినేస్తుంది అన్న కారణం సబబైనదే. ఖాళీ ఇత్తడిని తుక్కుగా అమ్ముకునే రేంజ్‌లకు అందులో స్టీలు కలవడం కూడా నష్టమే. కొనేముందు మీ రేంజ్ నియమం అడిగి తెలుసుకోండి, లేకపోతే ఆదా చేసిన డబ్బు అక్కడే పోతుంది.

ఆ ఆదా కూడా ఇప్పుడు పలుచబడింది. నేను కొన్న రోజుల్లో ఒక్కో తూటాకు రెండు మూడు సెంట్లు మిగిలేవి. తులా, బర్నావుల్ వంటి రష్యా కర్మాగారాల నుంచి వచ్చే సరుకే ఈ చవక బేరానికి మూలం. 2021 సెప్టెంబర్ 7 నుంచి అమెరికా ప్రభుత్వం రష్యా తుపాకులు, తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఆపేసింది. పాత అనుమతుల కింద వచ్చిన నిల్వలు కరిగేకొద్దీ ధర తేడా తగ్గిపోయింది. పైగా ఇత్తడి ఖాళీలను మళ్లీ నింపుకోవచ్చు. చవక స్టీలు తూటాల్లో ఎక్కువ వాటికి ఉండే బెర్డాన్ రకం ప్రైమర్‌ను (మందును అంటించే అడుగు టోపీని) ఇంట్లో మార్చడం అయ్యే పని కాదు కాబట్టి అవి ఒక్కసారికే. ఖాళీల విలువను లెక్కలో వేసుకుంటే చాలామందికి ఇత్తడి తూటాలే మేలు. ఖాళీలను ఏరుకునే ఓపిక లేనివారు అల్యూమినియం కేసింగ్‌తో వచ్చే బ్లేజర్ తూటాలను కూడా చూడవచ్చు.

ప్రాణం మీదికి వచ్చిన వేళ వాడేందుకు స్టీలు తూటాలు వద్దని ఎందుకంటున్నానంటే, ఆ వేళ ఒక్క తూటా ఇరుక్కున్నా రెండో అవకాశం ఉండదు. పైగా ఈ చవక బుల్లెట్లు తగిలినచోట విచ్చుకునే రకం కావు. దాటిపోయి గోడ అవతల ఉన్నవారికి తగలవచ్చు. పసిపిల్లలున్న అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దని కోరుతున్నాను. రక్షణ కోసం ఉద్దేశించిన, విచ్చుకునే బుల్లెట్ ఉన్న తూటాలు ఒకటి రెండు బాక్సులు కొని, మీ పిస్టల్‌లో కాల్చి చూసి, నమ్మకం కుదిరాక అవే ఉంచుకోండి.

చదువుకు వెళ్లిన పిల్లలకు ఇంకొక మాట చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణమవుతుంది. ఎఫ్-1, హెచ్-1బీ వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నా, గదిలోని మిత్రుడు కొన్నాడు కదా అని చవక బాక్సు పంచుకోవడానికి అవి పనికిరావు. మన దేశంలో 9 మిల్లీమీటర్లు నిషేధిత బోరు (తుపాకీ గొట్టం లోపలి కొలత). లైసెన్సు ఉన్నవారికి దొరికేవి .32 వంటి బోర్లే కాబట్టి, ఈ సమీక్షను చూసి హనుమకొండలో ఎవరూ ఈ తూటాల కోసం వాకబు చేయవద్దు. సెలవులకు బయలుదేరేముందు రేంజ్‌కు తీసుకెళ్లిన సంచినే సామాన్ల సంచిగా వాడుతుంటే, ప్రతి అర, ప్రతి జిప్పు తెరిచి దులపండి. శంషాబాద్‌లో స్కానర్ కింద ఒక్క తూటా కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టే అవకాశం ఉంది. 1959 నాటి ఆ చట్టం నిర్వచనంలో తూటా భాగాలు కూడా ఉన్నాయి కాబట్టి, జ్ఞాపకంగా దాచుకున్న ఖాళీ కేసింగ్‌ను కూడా అక్కడే వదిలి రండి.