కోల్కా లోయకు ఒక్కరోజా, రెండు రోజులా, అసలు మానేయడమా?

పెరూలోని అరెకీపా ఊళ్లో, ఊరి నడిమి చౌకు ప్లాసా దె ఆర్మాస్ నుంచి సాంతా కతలీనా మఠం వైపు నడుస్తుంటే నాలుగు అడుగులకో ట్రావెల్ ఏజెన్సీ తగులుతుంది. గుమ్మం ముందు ఓ బోర్డు, దాని మీద రెక్కలు చాపిన కాండోర్ రాబందు బొమ్మ, కింద మూడు లైన్లు: కోల్కా ఒక రోజు, కోల్కా రెండు రోజులు, కోల్కా ట్రెక్. అన్ని బోర్డుల మీదా అవే మూడు. మాకేమో చేతిలో నాలుగు రోజులు, మనుషులం ముగ్గురం, అభిప్రాయాలు మూడు. మా ఆయన వారాంతం వస్తే పది కిలోమీటర్లు పరుగెత్తే రకం. నాన్నకు అరవై నాలుగేళ్లు, మోకాళ్లు అంతంతమాత్రం. నాకు కాండోర్ కనిపిస్తే చాలు.

చివరికి విడిపోయాం. ఆయన ట్రెక్కుకు, నేనూ నాన్నా రెండు రోజుల బస్సు టూర్‌కు. ఒక్కరోజు టూర్ సంగతి మా హోటల్లోనే దిగిన ఒక జంట దగ్గర విన్నాం. అలా మూడింటి ముచ్చటా ఒకే వారంలో తెలిసొచ్చింది. నా తీర్పు ముందే చెప్పేస్తా: ఒక్కరోజు టూర్ వద్దు. మీకున్నది ఒక్క రోజే అయితే లోయ మానేసి ఊళ్లోనే ఉండండి.

ఎందుకో తెలియాలంటే అక్కడి నేల తీరు కాస్త చెప్పాలి. అరెకీపా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. ఊరి తలాపున మూడు కొండలు. మధ్యలో మిస్తీ, 5,822 మీటర్లు, పసుపు గౌరమ్మను చేసి నిలబెట్టినంత నున్నగా ఉంటుంది. ఎడమ పక్క ఆరు వేల మీటర్లు దాటిన చచానీ, కుడి పక్క రంపం పళ్లలా పిచు పిచు. మూడూ అగ్నిపర్వతాలే. మ్యాపులో చూస్తే కోల్కా లోయ వీటి వెనకే, పక్క వీధిలో ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ లోయ ముఖద్వారమైన చివాయ్ ఊరికే 160 కిలోమీటర్లు పోవాలి. కాండోర్లు కనిపించే క్రూస్ దెల్ కోందోర్ అక్కడికి ఇంకో గంట పైనే. దారిలో పాతపంపా అనే చోట రోడ్డు 4,900 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. అసలు చిక్కంతా అక్కడే. టూర్ ఎంపిక డబ్బుతో తేలేది కాదు, ఎత్తుతో తేలేది.

ఒక్కరోజు టూర్‌లో తెల్లవారుజామున మూడింటికి వ్యాన్ వచ్చి ఎక్కించుకుంటుంది. చీకట్లోనే ఆ 4,900 మీటర్లూ దాటించి, చివాయ్‌లో రొట్టె, జామ్, కోకా ఆకు టీ ఇచ్చి, ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా కాండోర్ల దగ్గర దింపుతారు. గంట సేపు చూసి వెనక్కి. దారిలో ఒకట్రెండు పల్లెలు, భోజనం, మళ్లీ ఆ ఎత్తు, సాయంత్రానికి ఊరు. పోనూ రానూ దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు, అదీ ఘాట్ రోడ్డులో. హోటల్ జంటలో ఆ అమ్మాయి వెళ్లేటప్పుడు నిద్రలో, వచ్చేటప్పుడు కవర్ చేతిలో పట్టుకుని వాంతుల్లో గడిపిందట. వాళ్లు అరెకీపాలో దిగింది ముందు రోజు సాయంత్రమే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కాండోర్ విషయంలో ఒక్కరోజుకూ రెండు రోజులకూ తేడా ఏమీ లేదు. అందరూ చేరేది ఆ టైముకే, నిలబడేది ఆ గోడ దగ్గరే. ఎండ పొడ తగిలి రాయి వేడెక్కితే గాలి పైకి లేస్తుంది, ఆ గాలి మీద కాండోర్లు కింద నుంచి తేలుతూ వస్తాయి. మూడు మీటర్ల రెక్కలు, పది కిలోలు దాటే బరువు, ఒక్కసారి కూడా రెక్క ఆడించవు. మాకు ఒకటి గోడకు ఎంత దగ్గరగా వచ్చిందంటే, మెడ చుట్టూ ఉన్న తెల్లటి నూలు పట్టీ, రెక్క కొసన వేళ్లలా విడివిడిగా చాచిన ఈకలు లెక్కపెట్టేంత. పోతుంటే పట్టుచీర దులిపినట్టు చప్పుడు. దాని కింద, నది దాకా 1,200 మీటర్ల ఖాళీ. గండికోట అంచున నిలబడి ఇంతకన్నా లోయ ఉంటుందా అనుకున్న నేను నాన్న చెయ్యి పట్టుకున్నా. ఒకటి మాత్రం, కాండోర్లు మన టికెట్ చూసి రావు. జనవరి నుంచి మార్చి దాకా వానల కాలం. అప్పుడు మబ్బు తప్ప ఏమీ కనపడని రోజులుంటాయి. మే నుంచి నవంబరు మధ్య వెళ్లడం మంచిది.

మరి రెండు రోజుల టూర్‌లో ఎక్కువ దొరికేదేంటి? దారి. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరతాం కాబట్టి, వాళ్లు చీకట్లో దాటేసిన మైదానాన్ని మనం వెలుతురులో చూస్తాం. రిజర్వులో వికూన్యాలు గుంపులు గుంపులుగా మేస్తుంటాయి. జింకకూ ఒంటెకూ పుట్టినట్టుండే జంతువు. పాతపంపాలో దిగితే దారి పక్కన దణ్ణం పెట్టుకుని పేర్చిన రాళ్ల కుప్పలు, ఎదురుగా అంపాతో కొండ, దాని పక్కన బుసబుసా బూడిద పొగ వదులుతూ సబంకాయా అగ్నిపర్వతం. 2016 నుంచి అది అలా రగులుతూనే ఉంది. బస్సు దిగి పది అడుగులు వేస్తే చాలు, మూడంతస్తులు ఎక్కినంత ఆయాసం.

ఇక లోయలో మెట్ల చేలు. ఇంకాలకు ముందే కొయాగ్వా, కబానా అనే జనం కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి రాతి గట్లు కట్టుకున్నారు. ఇప్పటికీ వాటిలో మొక్కజొన్న, కినోవా, చిక్కుళ్లు పండిస్తున్నారు. నాన్న వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. కాండోర్‌ను రెండు నిమిషాలు చూసి, ఈ గట్లను గంట చూశారు. నీళ్లెక్కడివి, పై మడి నుంచి కింది మడికి ఎలా దింపుతారు అని గైడును వదల్లేదు. పైనున్న మంచు కరిగి కాలువల్లో వస్తుందట. "మన దగ్గర గట్టు రెండేళ్లు నిలవదు, వీళ్లది వెయ్యేళ్లు ఎలా నిలిచిందిరా," అన్నారు నాతో. ఒక్కరోజు టూర్లో ఈ గట్లు కిటికీలోంచి పచ్చటి చారల్లా జారిపోతాయి.

అయితే రెండు రోజుల టూర్‌లో ఒక మెలిక ఉంది, ఏజెన్సీవాళ్లు చెప్పరు. రాత్రి పడుకునేది చివాయ్‌లో, 3,600 మీటర్ల ఎత్తున. ఎత్తు తలనొప్పి, అక్కడివాళ్లు సొరోచే అనేది, ఎక్కగానే రాదు. ఐదారు గంటలు ఆగి, సరిగ్గా పడుకునే వేళకు తలుపు తడుతుంది. రాత్రి పదింటికి నాన్న లేచి కూర్చున్నారు, కణతలు పట్టుకుని. గదిలో చలి, మీద నాలుగు దుప్పట్లు, వాటి బరువుకు పక్కకు తిరగడమే కష్టం. కోకా టీ, పారాసెటమాల్, నీళ్లు. తెల్లారేసరికి సర్దుకుంది. మేం అరెకీపాలో రెండు రాత్రులు పడుకుని వెళ్లాం కాబట్టి అంతటితో పోయింది. దిగిన మర్నాడే బయల్దేరి ఉంటే నాకు భయమే. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందుగా డాక్టర్ని అడగాల్సిందే. ఆ సాయంత్రం వేడినీటి గుండాల్లో ఎక్కువసేపు నానొద్దని గైడు చెప్పాడు, మేం వినలేదు.

ట్రెక్ దీనికి పూర్తిగా రివర్సు. వాళ్లూ మూడింటికే బయల్దేరతారు, కాండోర్లు చూస్తారు. తర్వాత కబనకోందే దాటి లోయలోకి దిగుతారు. రాత్రి మకాం అడుగున సంగాయే అనే చోట, 2,200 మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తు. అంటే అరెకీపా కన్నా కూడా కింద. చుట్టూ ఎండిన కొండలు, మధ్యలో ఖర్జూరం లాంటి చెట్లు, చిన్న ఈత కొలనులు. అందుకే అక్కడ తల నొప్పి పుట్టదు. నొప్పంతా మోకాళ్లకు. దిగడమే గుల్ల రాళ్లూ దుమ్మూ, మర్నాడు తెల్లారకముందే టార్చి లైట్లతో 1,100 మీటర్లు నిలువునా ఎక్కాలి. బాగా నడిచేవాళ్లకు మూడు గంటలు. చేతకానివాళ్లకు కంచరగాడిదలు అద్దెకు దొరుకుతాయి. మా ఆయన పౌరుషానికి పోయి నడిచే ఎక్కాడు. వచ్చి మంచం మీద వాలి, "తల ఒక్క నిమిషం నొయ్యలేదు, మోకాళ్ల సంగతి మాత్రం అడక్కు," అన్నాడు. రెండు రోజులు హోటల్ మెట్లు వెనక్కి తిరిగి దిగాడు. కానీ లోయ అడుగున రాత్రి చూసిన చుక్కల గురించి ఇప్పటికీ చెబుతాడు. నాకు కుళ్లే.

మూడింట్లో దేనికి వెళ్లినా లోయ టికెట్ విడిగా కొనాలి. మేం వెళ్లినప్పుడు విదేశీయులకు 70 సోల్‌లు (పెరూ డబ్బు). చౌకగా కనిపించే టూర్ ధరలో ఇది ఉండదు.

ఇక నాలుగో దారి, బోర్డు మీద రాయనిది: లోయ మానేసి ఊళ్లో ఉండటం. ఒక్క రోజే ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. ఇది సర్దుకుపోవడం అనుకోకండి, ఈ ఊరు చూడటానికే జనం వస్తారు. స్పెయిన్‌వాళ్లు 1540లో కట్టిన ఊరు. కట్టింది సియార్ అనే తెల్ల రాయితో, అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి అయిన రాయి అది. కడప బండలా బరువుండదు, మెత్తగా చెక్కడానికి వీలవుతుంది. అందుకే చర్చి గోడల నిండా పూలు, తీగలు, పిట్టలు. కోంపాన్యీయా చర్చి ముఖద్వారం ముందు పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. భూకంపాలు ఈ ఊరిని వదలవు. 2001 జూన్‌లో వచ్చినదానికి పెద్ద చర్చి గోపురాల్లో ఒకటి కూలింది, మళ్లీ కట్టుకున్నారు. ఊరి నడిబొడ్డును యునెస్కో 2000లోనే వారసత్వ స్థలంగా గుర్తించింది.

సాంతా కతలీనా మఠానికి సగం రోజు ఇవ్వండి. 1579లో పెట్టిన ఈ సన్యాసినుల మఠం 1970 దాకా బయటివాళ్లకు తలుపు తీయలేదు. లోపలిది భవనం కాదు, ఒక చిన్న ఊరే. సెవియ్యా, తొలేదో, గ్రనాదా అని స్పెయిన్ ఊళ్ల పేర్లతో వీధులు, నీలిమందు రంగు గోడలు, ఇటుక ఎరుపు గోడలు. డబ్బున్న ఇళ్ల అమ్మాయిలు సొంత వంటిల్లు, పనిమనుషులతో సహా ఇక్కడికి వచ్చేవారట. 1871లో ఆ వైభోగం కట్టిపెట్టించి కఠిన నియమాలు పెట్టారు. నాకు బాగా నచ్చింది చాకిరేవు. నిలువునా సగానికి కోసిన పెద్ద పెద్ద మట్టి బానలు ఇరవై, మధ్యలో పారే కాలువకు అటూ ఇటూ వాలుగా పెట్టారు. కాలువకు చెయ్యి అడ్డం పెడితే నీళ్లు పక్కకు మళ్లి బానలోకి పడతాయి. నాన్న మళ్లీ మళ్లీ అడ్డం పెట్టి చూశారు, చిన్నపిల్లాడిలా.

ఊళ్లోనే ఉన్న మ్యూజియంలో హువానీతా. అయిదొందల ఏళ్ల కింద ఇంకాలు అంపాతో శిఖరం మీద బలిచ్చిన పిల్ల, పన్నెండు పదిహేనేళ్లు ఉంటాయి. 1995లో సబంకాయా బూడిద పడి మంచు కరగడంతో బయటపడింది. గాజు ఫ్రీజర్లో, మసక వెలుతురులో కూర్చుని ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలు ఆమెను లోపల పెట్టి మరో పిల్ల దేహాన్ని చూపిస్తారు, అడిగి వెళ్లండి.

తిండి కోసం పికంతెరియాలకు వెళ్లాలి. మధ్యాహ్నం మాత్రమే నడిచే కారం హోటళ్లు. మిరపకాయ మన గడ్డకు వచ్చిందే అమెరికా ఖండం నుంచి కదా, పుట్టింటికి వచ్చినట్టే ఉంటుంది. ఇక్కడి రొకోటో చూడటానికి ఎర్రటి క్యాప్సికమ్, కోస్తే నల్ల గింజలు. నాన్న క్యాప్సికమే అనుకుని ముక్క కొరికి, గుంటూరు మనిషి అయ్యుండీ మజ్జిగ అడిగారు. అక్కడ మజ్జిగ ఏది. మాంసం తిననివాళ్లకు సోల్తెరీతో ఉంది, బాకలా చిక్కుడు గింజలు, మొక్కజొన్న, జున్ను, ఉల్లిపాయ కలిపినది. చివర్లో కేసో ఎలాదో. పేరులో జున్ను ఉంది గానీ అది పాలు, కొబ్బరి, దాల్చినచెక్కతో చేసే ఐస్‌క్రీమ్. తెల్ల గౌను వేసుకున్న ఆడవాళ్లు మంచు మీద పెట్టిన గిన్నె తిప్పుతూ అమ్ముతారు.

మిస్తీ ఎక్కడం, ఇంకా లోతైన కోతవాసీ లోయకు పోవడం అనే ఆశలూ కొందరికి ఉంటాయి. మిస్తీకి రెండు రోజులు, బూడిదలో జారుతూ నడక. కోతవాసీకి ఒక రాత్రంతా బస్సు. నాలుగు రోజుల వాళ్లకు రెండూ కుదరవు.

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే రెండు రోజుల బస్సు. మోకాళ్లు, ఊపిరి బాగుండి ముప్పైల్లో ఉంటే ట్రెక్. మీ ప్లానులో ఇంకాల పాత రాజధాని కుస్కో కూడా ఉంటే ముందు అరెకీపా, తర్వాత కుస్కో పెట్టుకోండి. కుస్కో 3,400 మీటర్లు, ఒంటికి మెల్లగా అలవాటవుతుంది. ఆరు నెలల గడువు మిగిలిన అమెరికా వీసా ఉంటే భారత పాస్‌పోర్టుకు పెరూ వీసా విడిగా అక్కర్లేదు, నాన్న అలాగే వచ్చారు. వెళ్లేముందు నియమం మళ్లీ ఒకసారి చూసుకోండి.

మళ్లీ వెళితే చివాయ్‌లో కాకుండా యాంకే పల్లెలో పడుకుంటా. కాస్త కింద, రాత్రి తల తేలిగ్గా ఉంటుంది. నాన్న మాత్రం, "మీరు లోయకు పోయి రండి, నేను ఆ ఐస్‌క్రీమ్ గిన్నె దగ్గర కూర్చుంటా," అంటున్నారు.