మూడు డోర్ల థార్‌లో నల్లగొండ, సాగర్, పాలమూరు: ఎనభై ఐదు దాటితే సుఖం లేదు

ముందే తేల్చి చెప్తున్నాను. మూడు డోర్ల మహీంద్రా థార్ జీపులో హైవే మీద సుఖంగా పోయే స్పీడు 80 నుంచి 85. 90 దాకా ఓర్చుకోవచ్చు. ఆ పైన కూడా బండి పోతుంది, ఇంజన్‌కు ఏ ఇబ్బందీ లేదు, కానీ లోపల డ్రైవరు తప్ప మిగతావాళ్ళంతా ఎప్పుడు దిగుదామా అని చూస్తుంటారు. బండి కొనకముందు నేను అడిగిన ప్రతి ఒక్కరూ "వంద, నూట పదిలో హాయిగా పోతది అన్నా" అనే చెప్పారు. వాళ్ళంతా ఒంటరిగా నడిపినవాళ్ళే, వెనక సీట్లో అరగంట కూర్చుని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంట్లోవాళ్ళను ఎక్కించుకుని ఊళ్ళు తిరగాలనుకునేవాళ్ళకు ఆ మాట పనికిరాదు, అందుకే ఇది రాస్తున్నాను.

మృగశిర కార్తె వచ్చిన వారంలో అమ్మ, మా ఆవిడ, బావమరిది, నేను బయల్దేరాం. వనస్థలిపురం నుంచి నల్లగొండ, సాగర్, దేవరకొండ, ఉమామహేశ్వరం, అక్కడి నుంచి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా ఇంటికి. అటూ ఇటూ తిరిగింది కలుపుకుంటే 560 కిలోమీటర్ల దాకా వచ్చింది. ఈ బండిలో వెనక్కి పోవాలంటే ముందు సీటు మడిచి సందులోంచి దూరాలి, అమ్మకు మోకాళ్ళ నొప్పులు, కాబట్టి అమ్మ ముందు, వెనక మా ఆవిడ, ఆమె తమ్ముడు. వెనక అద్దాలు దిగవు. మాది పాత మోడల్, వెనకవాళ్ళకు విడిగా ఏసీ గాలి కూడా రాదు. నాలుగు బ్యాగులకు డిక్కీలో జాగా చాలక రెండు బావమరిది కాళ్ళ దగ్గరే పెట్టాల్సి వచ్చింది, వాడి మూడ్ అక్కడే సగం పాడైంది.

నన్ను బాగా మండించింది మాత్రం పెద్ద అంబర్‌పేట దాటాక ఒక గాలి షాపు. నాలుగు టైర్లకూ నైట్రోజన్ అని 200 తీసుకున్నాడు. డ్రైవర్ డోర్ తీసి, లోపల స్టిక్కర్ మీద ఎంత పెట్టాలో రాసి ఉంది చూడు తమ్ముడూ అని వేలు పెట్టి చూపించాను. అటు చూడకుండానే "హైవే కదా సార్, నలభై ఉండాలి" అంటూ నాలుగింటికీ 40 కొట్టేసి, నేను సీట్లో కూర్చునేలోపే వెనక కారు దగ్గరికి పోయాడు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది, దానికి 200 ఇవ్వడమే దండగ, పైగా స్టిక్కర్ మీద ఉన్న లెక్క కూడా పెట్టలేదు. రోడ్డెక్కిన పది నిమిషాలకే తేడా తెలిసింది. 80లోనే వెనక నుంచి ఒకటే ఎగరడం. చౌటుప్పల్ వచ్చేసరికి మా ఆవిడ మాట్లాడటం మానేసింది, ఆమె మాట్లాడటం లేదంటే పరిస్థితి బాగోలేదని అర్థం. అక్కడ టిఫిన్‌కు ఆగి (ఇడ్లీ 40, దోశ 60, చట్నీ బాగుంది), టైర్లు చల్లబడేదాకా కూర్చుని, నా దగ్గరున్న గేజ్‌తో చూసి స్టిక్కర్ లెక్కకు దించాను. వేడి మీద ఉన్న టైరు ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పొద్దున్నే ఇంటి దగ్గర, బండి కదలకముందు చూసుకోవడం అన్నిటికంటే మంచిది. గేజ్ 450 రూపాయలు. ఈ బండి ఉన్నవాళ్ళు మిగతా సామాన్ల కంటే ముందు అది కొనాలి.

గాలి సరిగ్గా ఉన్నాక 80లో బండి ఎంత మారిపోయిందో చెప్పలేను. ఆరో గేర్‌లో ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్ల లోపే తిరుగుతుంది, చప్పుడు లేదు, అమ్మ మామూలు గొంతుతో మాట్లాడితే వెనకవాళ్ళకు వినబడుతోంది. సరే, ఇక బావమరిది "నేను నడుపుతా బావా" అన్నాడు. తాళం ఇచ్చి నేను వెనక్కి పోయాను. నల్లగొండ దాకా వెనకే కూర్చున్నాను కాబట్టి ఈ మాటలు చూసి చెప్తున్నవే.

వెనక సీట్లో ఎగరడం 95 దగ్గర నుంచి మొదలవుతుంది. ఫ్లైఓవర్ మీద జాయింట్లు ఉంటాయి కదా, ముందు చక్రం దాని మీద పడ్డాక వెనక చక్రం పడటానికి ఈ బండిలో టైమే ఉండదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. 90లో పోతున్నప్పుడు ఆ దూరం సెకనులో పదో వంతులో దాటిపోతుంది. ముందు ఎగిరింది దిగకముందే వెనక ఎగురుతుంది, అదీ వెనక సీటు సరిగ్గా ఇరుసు మీదే ఉంది. ఇన్నోవా క్రిస్టాలో ఆ దూరం 2,750, ఐదు డోర్ల థార్ రాక్స్‌లో 2,850. అక్కడ వెనక కూర్చున్నవాళ్ళు రెండు ఇరుసుల మధ్య ఉంటారు, ఊపు తగ్గి చేరుతుంది. మారుతి జిమ్నీ 2,590, పాత మారుతి జిప్సీ అయితే 2,375 మాత్రమే. సస్పెన్షన్ మార్పించినా, ఖరీదైన టైర్లు వేసినా ఈ దూరం పెరగదు, అందుకే దీనికి మందు స్పీడు తగ్గించడం ఒక్కటే.

105 దగ్గర ఇంకో రెండు వచ్చి చేరాయి. ఒకటి గాలి చప్పుడు. ముందు అద్దం దాదాపు నిలువుగా ఉంటుంది, పక్కలు గోడల్లా ఉంటాయి. గాలి అడ్డుకునే బలం స్పీడుకు వర్గంగా పెరుగుతుంది కాబట్టి 80 నుంచి 100కు పోతే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 80లో 15 ఇచ్చిన మైలేజీ మీటరు మీద 12కు పడిపోయింది. రెండోది బ్రేకు. బ్రేకు పట్టాక బండి ఆగే దూరం కూడా అదే లెక్కన పెరుగుతుంది. ఎత్తు ఎక్కువ, పొడుగు తక్కువ ఉన్న బండిని వందలో గబుక్కున పక్కకు తిప్పడం ప్రమాదం. విజయవాడ హైవే మీద రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు, డివైడర్ సందులోంచి దాటే బైకులు మామూలే. చిట్యాల దగ్గర ఒక బైకతను అట్లాగే అడ్డం వచ్చాడు, బావమరిది బ్రేకు కొడితే బండి ముక్కు వంచి ఆగింది, ఏమీ కాలేదు. కానీ అమ్మ అప్పటికే ఆంజనేయ దండకం మొదలుపెట్టింది, నార్కట్‌పల్లి దాకా ఆపలేదు. "బిడ్డా, మనం సాగర్ పోతున్నమా, ఆస్పత్రికి పోతున్నమా" అని అడిగింది వాణ్ణి. వాడు 80కి దించాడు.

ఇంతా చేసి మిగిలేది ఏమిటి? 60 కిలోమీటర్లు 80లో పోతే 45 నిమిషాలు, వందలో పోతే 36. తొమ్మిది నిమిషాలు. పంతంగి టోల్ దగ్గర లైను కొంచెం పొడుగుంటే అవి కూడా మిగలవు. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు దేశం మొత్తానికీ పై పరిమితి 100, చాలాచోట్ల బోర్డులు ఇంకా తక్కువ చూపిస్తాయి, కెమెరాకు చిక్కితే చలానా 1,035. టోల్ విషయంలో ఒక్క మాట, జాతీయ రహదారుల మీద తరచు తిరిగేవాళ్ళు ఫాస్టాగ్ ఏడాది పాస్ తీసుకోండి. 200 సార్లు దాటొచ్చు, సొంత కార్లకు, జీపులకు వర్తిస్తుంది.

నల్లగొండలో పానగల్ ఛాయా సోమేశ్వరాలయం చూశాం, గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ నిజంగా ఆశ్చర్యం, ప్రశాంతంగా ఉంది. హాలియా మీదుగా సాగర్ రోడ్డు 70లో అద్భుతం.

సాగర్‌లో లాడ్జి సంగతి వేరు. ఆన్‌లైన్లో గదికి 1,900 చొప్పున రెండు గదులు, ఫోటోలో కిటికీలోంచి నీళ్ళు కనబడుతున్నాయి. అక్కడికి పోయాక మా కిటికీలోంచి జనరేటర్ కనబడింది. నీళ్ళ వైపు గది కావాలంటే ఇంకో 600 అన్నాడు కౌంటర్ మీద కుర్రాడు. ఏసీ రిమోట్ అడిగితే రాత్రి తొమ్మిదికి ఇస్తాం అంటాడు, వేడినీళ్ళు బకెట్‌కు 50. పొద్దున బిల్లు చూస్తే 3,800 మీద 18 శాతం జీఎస్‌టీ, 684 రూపాయలు. రోజుకు 7,500 లోపు గదికి జీఎస్‌టీ 5 శాతమే అని నాకు తెలుసు, 190 రావాలి. పైగా ఆ కాగితం మీద జీఎస్‌టీ నంబరే లేదు. నంబరుతో సరైన బిల్లు ఇవ్వండి, 190 కడతాను అన్నాను. ఇరవై నిమిషాలు లోపలికీ బయటికీ తిరిగి, ఓనరుకు ఫోన్ చేసి, చివరికి "టాక్స్ వద్దులే సార్, 3,800 ఇవ్వండి" అన్నాడు. అంటే ఆ 684 ఎవరి జేబులోకి పోయేదో తెలిసిపోయింది. దయచేసి ఎక్కడ దిగినా బిల్లు మీద నంబరు, శాతం రెండూ చూడండి. తెల్లారి బయల్దేరే హడావిడిలో ఎవరూ చూడరనే వాళ్ళ ధైర్యం.

ఆ కోపం మొత్తం దించింది అంతకుముందు రాత్రి తిన్న భోజనమే. మృగశిరకు చేప తినాలి కదా, డ్యామ్ దగ్గర్లో భార్యాభర్తలు నడిపే రేకుల షెడ్డు దొరికింది. చేపల పులుసుతో భోజనం 180, ఫ్రై ప్లేటు 150. బొచ్చె ముక్కలు, పెద్దవి, అదే రోజు పట్టినవి. పులుసులో చింతపండు తగ్గించి పచ్చి మామిడికాయ వేసింది ఆమె. బయటి వంటకు ఎప్పుడూ వంక పెట్టే మా అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుని, వంటింట్లోకి పోయి మెంతులు ఎప్పుడు వేశావమ్మా అని అడిగి వచ్చింది. నలుగురికీ కలిపి 1,020. అంత డబ్బుకు నగరంలో సగం తృప్తి కూడా రాదు.

దేవరకొండ దగ్గర బావమరిది స్నేహితుడి బత్తాయి తోట ఉంది. ముందు రాత్రి వాన పడింది, మెయిన్ రోడ్డు నుంచి తోటకు రెండు కిలోమీటర్ల ఎర్రమట్టి బాట, మధ్యలో చిన్న వాగు, దాటగానే నిటారు గట్టు. స్నేహితుడు కారు వదిలి ట్రాక్టర్ మీద రమ్మన్నాడు. నాలుగు చక్రాలూ లాగేలా లివర్ ఫోర్ హైలో వేసి పదిహేనులో నెమ్మదిగా పోయాం. గట్టెక్కి దిగేటప్పుడు పొడుగు బండి అయితే పొట్ట నేలకు రాసుకునేది, దీనికి తగల్లేదు. చక్రాలు దగ్గరగా ఉండటం, కింద 226 మిల్లీమీటర్ల ఎత్తు ఉండటం ఇక్కడ పనికొచ్చాయి. హైవే మీద ఏడిపించిన ఆ 2,450 ఇక్కడ వరం. వెనక సీట్లో మా ఆవిడ ఆ బురదలో అటూ ఇటూ ఊగుతూ నవ్వుతోంది, ఇంకోసారి తిప్పమంది. కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, లేకపోతే ఒక బస్తా వేసుకునేవాళ్ళం, ఎక్కడ పెట్టేవాళ్ళమో తెలియదు కానీ.

అచ్చంపేటలో గది 1,200, శుభ్రంగా ఉంది. ఉమామహేశ్వరం పొద్దున్నే పోండి, ఎండెక్కితే కష్టం. కొండ మీదికి బండి పోతుంది. అటు నుంచి శ్రీశైలం పోవాలనుకునేవాళ్ళు మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారని, పొద్దున ఆరుకు తీస్తారని గుర్తుంచుకోండి.

తిరుగు దారిలో గాలి గురించి నాకు బాగా తెలిసింది. ఈ కాలంలో మన దగ్గర గాలి పడమర నుంచి కొడుతుంది. పోయేటప్పుడు హైదరాబాద్ నుంచి తూర్పుకు కాబట్టి వెనక నుంచి తోసింది, మైలేజీ 15 రావడానికి అదీ కారణమే. కల్వకుర్తి నుంచి జడ్చర్లకు ఎదురుగాలి, అదే 80లో 13 కూడా రాలేదు. జడ్చర్లలో బెంగళూరు హైవే ఎక్కాక గాలి పక్క నుంచి. ఆ రోడ్డు ఉత్తరం దక్షిణం పోతుంది కాబట్టి షాద్‌నగర్ దాకా ఎడమ పక్క కొడుతూనే ఉంది. లారీ పక్కన పోతున్నంతసేపు గాలి ఆగుతుంది, లారీని దాటగానే బండిని ఒక్కసారి కుడికి నెడుతుంది. 80లో స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటే చాలు, వందలో అయితే బండి అడుగు దూరం పక్కకు పోతుంది. మృగశిర నుంచి ఆషాఢం దాటేదాకా ఆ హైవే మీద ఈ రకం బండ్లలో ఓవర్‌టేక్ చేసేటప్పుడు రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి. ఏం పాట మార్చాలన్నా పక్కవాళ్ళకు చెప్పండి.

డీజిల్ మొత్తం 45 లీటర్లు పట్టింది, 4,300 దాకా అయింది. ఇద్దరే పోయేవాళ్ళు ఈ బండి కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. వెనక పెద్దవాళ్ళు కూర్చోవాల్సి వస్తే మాత్రం ఐదు డోర్ల బండ్లు చూసుకోండి. ఇప్పటికే ఇది ఉన్నవాళ్ళు హైదరాబాద్ నుంచి నేరుగా సాగర్ పోవాలంటే విజయవాడ హైవే వదిలేసి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా పోండి. అక్కడ ఎలాగూ 70 మించి పోలేరు, వెనకవాళ్ళు కూడా నిద్రపోతారు.