పంటి డ్రిల్లు కీచు తగ్గాలంటే: 1:5 ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్ రివ్యూ

కుర్చీలో పడుకున్న పేషెంటు సూదికైనా ఓర్చుకుంటాడు గానీ పన్ను కోసే ఎయిరోటార్ డ్రిల్లు కీచుమనగానే పిడికిళ్లు బిగిస్తాడు. గాలితో నడిచే ఎయిరోటార్ ఖాళీగా ఉన్నప్పుడు నిమిషానికి 3 నుంచి 4 లక్షల చుట్లు తిరుగుతుంది. 3.6 లక్షలనుకుంటే సెకనుకు 6,000 చుట్లు, అంటే 6 కిలోహెర్ట్జ్ ఈల. బర్ (డ్రిల్లు కొనకు బిగించే కోత ముక్క) పన్నుకు తగలగానే వేగం పడిపోయి ఈల కిందికి దిగుతుంది, తీయగానే మళ్లీ పైకి లేస్తుంది. గుండె దడ పుట్టించేది శబ్దం ఎంతుందన్నదానికంటే ఈ ఎక్కడం దిగడమే.

ఎర్ర గీత ఉండే 1:5 ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్‌లో, అంటే మోటారు వేగాన్ని ఐదు రెట్లు చేసే చేతి డ్రిల్లులో (ఎన్‌ఎస్‌కే కంపెనీ జడ్95ఎల్ ఈ కోవదే) ఈ బాధ చాలావరకు పోతుంది. మోటారు 40,000 తిరిగితే బర్ 2 లక్షలు తిరుగుతుంది. స్వరం 3.3 కిలోహెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. ఇంకా ముఖ్యంగా, పన్ను మీద ఆనించినా పెద్దగా మారదు. పెడల్ వదలగానే ఆగిపోతుంది. ఎయిరోటార్‌లా కూస్తూ కూస్తూ ఆగడం ఉండదు. బర్లు కొత్తవి కొనక్కర్లేదు, ఎయిరోటార్‌కు వాడే 1.6 మిల్లీమీటర్ల ఎఫ్‌జీ (ఫ్రిక్షన్ గ్రిప్) బర్లే పడతాయి. కుర్చీలో మోటారు లేకపోతే కంట్రోల్ బాక్సు విడిగా కొనాలి. స్ప్రేకు గాలి, నీరు కావాలి కాబట్టి కంప్రెసర్ ఎటూ ఉండాల్సిందే.

లోపాలూ చిన్నవి కావు. ధర ఎయిరోటార్‌కు ఎన్నో రెట్లు. మోటారుతో కలిపి బరువెక్కువ, వెనక పళ్ల దగ్గర మణికట్టు లాగేస్తుంది. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది వేడి విషయంలో. బేరింగ్ అరిగితే ఎయిరోటార్ నీరసపడి ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు ఆగదు, ఇంకా కరెంటు లాక్కుని తిరుగుతుంది, హెడ్ (బర్ బిగించే తల భాగం) కాలుతుంది. మత్తులో ఉన్న పెదవికి, బుగ్గకు ఆ కాలడం తెలియదు. ఇలాంటి కాలిన గాయాల మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే హెచ్చరించింది. అందుకే ప్రతిసారీ ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెట్టే ముందు మోటారు తగిలించే వైపు నుంచి నూనె స్ప్రే కొట్టాలి. హెడ్ దగ్గర నల్లటి మురికి పోయి తేట నూనె వచ్చేదాకా ఆపకూడదు. పని మధ్యలో హెడ్‌ను గ్లౌజు వేలితో తాకి చూడాలి, వెచ్చగా అనిపిస్తే తీసి పక్కన పెట్టేయాలి.

రోజూ క్రౌన్లు, బ్రిడ్జిలు చేసే క్లినిక్‌కు ఇది నిస్సందేహంగా కొనదగ్గ వస్తువే. ఎక్కువగా ఫిల్లింగులే చేసే చోట మాత్రం ముందు పాత ఎయిరోటార్‌ను బాగుచేసుకుంటే చాలు. బర్ బిగించి, దాని కొనను రెండు వేళ్లతో పక్కకు కదిపి చూడండి. లొడలొడలాడినా, తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలినా కార్ట్రిడ్జ్ (బేరింగులుండే లోపలి తిరిగే భాగం) మార్చాలి. గాలి ఒత్తిడిని కంప్రెసర్ మీటరులో కాదు, హ్యాండ్‌పీస్ తగిలించే చోట గేజి పెట్టి కొలవాలి. చాలా మోడళ్లకు 30–40 పీఎస్‌ఐ చాలు. అంతకంటే పెంచితే కీచు పెరుగుతుంది, బేరింగ్ ఆయుష్షు తరుగుతుంది. విశాఖలో ఇంకో శత్రువు తేమ. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు లాంటి సముద్రం పక్క ఏరియాల్లో కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు త్వరగా చేరతాయి, ఆ తడి గాలికే బేరింగ్ తుప్పు పడుతుంది. రోజూ సాయంత్రం డ్రెయిన్ వాల్వు తిప్పి నీళ్లు వదిలేయాలి, లైన్లో ఎయిర్ డ్రయర్ ఉండాలి.

డ్రిల్లు చప్పుడు తగ్గాక, నోట్లోని నీటిని పీల్చే సక్షన్ మోత బయటపడుతుంది. గొట్టం కొన బుగ్గకు అతుక్కుంటే అదీ కీచుమంటుంది. పక్కన రంధ్రాలున్న కొనలు వాడితే అతుక్కోదు. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య హ్యాండ్‌పీస్ గొట్టాలు కడిగేందుకు 20–30 సెకన్లు నీళ్లు వదిలే పని కూడా చప్పుడే, దాన్ని తర్వాతి మనిషి గదిలోకి రాకముందే ముగించాలి.

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ల మీద పెద్ద ఆశలొద్దు. అవి బాగా ఆపేది ఏసీ, కంప్రెసర్ లాంటి గుయ్‌మనే మోతను. సన్నని కీచుకు మామూలు స్పాంజి ఇయర్‌ప్లగ్గే నయం. పన్ను నుంచి ఎముక ద్వారా చెవికెక్కే శబ్దాన్ని మాత్రం రెండూ ఆపలేవు. చెవులు మూసినప్పుడు, ఎడమ చెయ్యి ఎత్తితే ఆపుతామని ముందే చెప్పాలి, ఎత్తిన క్షణమే పెడల్ వదలాలి.