కొండ మీద సరస్సులన్నారు, చెరువు గట్టు చూపించారు

సంక్రాంతి పండగకి ఇంటికొచ్చిన మా బావమరిది ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. నీలం రంగు నీళ్లు, చుట్టూ కొండలు, ఒడ్డున నారింజ రంగు టెంటు. కింద 'మహేంద్రగిరి ఒడిలో ఎత్తైన సరస్సులు, రెండు పగళ్లు, ఒక రాత్రి, తలకి 2,499 రూపాయలు' అని ఉంది. ఆ ఫొటోలో కొండల మీద మంచు కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లాలో మంచెక్కడిదిరా అని నేను అడగలేదు. బడిలో పిల్లలకి సోషల్ చెప్పుకుని బతికేవాణ్ణి, నేనే అడగలేదు. నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే మావాడు, బావమరిది, మొత్తం నలుగురికి 9,996 రూపాయలు ముందే కట్టేశాం.

విజయనగరం నుంచి పలాస దాకా పాసింజరు బండిలో తలా 35 రూపాయలు. కిటికీ పక్క సీట్లు దొరికాయి. మొదటిరోజు పెట్టిన ఖర్చులో న్యాయం జరిగింది ఆ 35 రూపాయలకే.

పలాస స్టేషన్ బయట పదింటికి ఉండాల్సిన వ్యాను పదకొండుంబావుకి వచ్చింది. అందులో విశాఖ నుంచి వచ్చిన ఆరుగురు సాఫ్ట్‌వేర్ పిల్లలు, తెల్ల బూట్ల గైడు ఉన్నారు. మందస దాటాక ఆ గైడు వ్యాను ఆపించి, టీ కొట్టు దగ్గర దిగి దారి అడిగొచ్చాడు. మా ఆవిడ నావైపు చూసింది. నేను కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నాను.

వ్యాను ఆగిన చోట ఒక గట్టు, గట్టుకి తూము, తూము పక్కన బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు, నీళ్లలో మెడదాకా మునిగిన గేదెలు. మందస చుట్టుపక్కల దామోదరసాగరం, కళింగదళ్ లాంటి జలాశయాలున్నాయి. కొండల మీంచి దిగే గెడ్డలకి అడ్డంగా గట్టు వేసి కింది పొలాలకి నీళ్లిస్తారు. ఇదీ ఆ బాపతే. ఏ ఊరిదో రాయను, ఎందుకో కింద చెబుతాను.

"ఇదేటి బావా, సెరువు కదా?" అన్నాడు బావమరిది, తనే బుక్ చేసిన సంగతి మర్చిపోయి.

"ఇది ఫస్ట్ లేక్ సార్," అన్నాడు గైడు.

"మరి రెండోది?"

"దీనికే అవతలి ఒడ్డు సార్. అటునుంచి వ్యూ వేరేగా ఉంటది."

అప్పట్నుంచి మర్నాడు పొద్దుటిదాకా మా బావమరిది ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, చోటు మాత్రం బాగుంది. గట్టు మీద నిలబడితే కొండ మొత్తం నీళ్లలో తలకిందులుగా కనబడుతుంది. గాలి లేదు. సాఫ్ట్‌వేర్ పిల్లలు కూడా కాసేపు ఫోన్లు లోపల పెట్టేశారు. దీన్ని చెరువనే చెప్పి తలకి ఐదొందలు తీసుకుంటే మారుమాట లేకుండా ఇచ్చేవాణ్ణి.

టెంట్ల సంగతి. ఇద్దరికొకటి అన్నారు, నలుగురికి ఒకటి ఇచ్చారు. లోపల పాత గోనెసంచుల వాసన. ఒక జిప్పు పట్టదు, దానికి పిన్నీసు. బ్రోచర్లో 'ఎకో టాయ్‌లెట్' అని రాసింది ఏమిటంటే, నాలుగు కర్రలు పాతి నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ వల చుట్టడం. వల అంటే వలే, అవతల మనిషి కనబడతాడు. ఆడవాళ్లు తలుపున్న బాత్రూం ఉందని ఫోన్లో ఖాయం చేసుకోకుండా ఇలాంటి క్యాంపులకి వెళ్లొద్దు. మా ఆవిడ ఆ వల ఒక్కసారి చూసి, సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసింది.

రాత్రి తిండి 'అన్‌లిమిటెడ్ బార్బెక్యూ'. మనిషికి మూడు కోడిముక్కలు, ఒకటి మాడింది, ఒకటి ఉడకలేదు. ఆ రోజు శనివారం, మా ఆవిడ నీసు ముట్టదు. బుకింగ్ అప్పుడే ఒకరికి వెజ్ అని రాశాం. గైడు వెతికి వెతికి ఒక బ్రెడ్ ప్యాకెట్, అరటిపండు తెచ్చిచ్చాడు. ఆవిడ అరటిపండు తిని టెంట్లోకి వెళ్లి పడుకుంది. పెళ్లైన పంతొమ్మిదేళ్లలో ఆ మౌనం అర్థమేమిటో నాకు బాగా తెలుసు.

ఎనిమిదిన్నరకి గట్టు మీద టార్చిలైట్లు కనబడ్డాయి. డబ్బా వాయించుకుంటూ నలుగురైదుగురు ఊరివాళ్లు వచ్చారు. ముందున్న పెద్దాయన గైడుని పట్టించుకోలేదు, నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"ఏటి బాబూ, ఆడకూతుర్ని ఎట్టుకుని ఇక్కడ పడుకున్నారు? ఎలుగులు నీళ్లకొచ్చే దారిది. లెగండి."

శ్రీకాకుళం తీరప్రాంతమైన ఈ ఉద్దానంలో ఎలుగుబంటి అంటే పిల్లల్ని భయపెట్టే కథ కాదు. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడ్డ సంగతి జిల్లా అంతటికీ గుర్తే. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనికి పోయేవాళ్లు చీకటి పడకముందే ఇంటికొచ్చేస్తారు. మన గైడేమో జీడితోట అంచున, నీటి ఒడ్డున, కాల్చిన మాంసం వాసన మధ్య టెంట్లు వేశాడు. అడవిలో రాత్రి బసకి అటవీశాఖ అనుమతి కావాలి కదయ్యా అంటే "అది ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నాడు.

టెన్షన్‌తో అందరం సామాన్లు సర్దుకుని ఊళ్లోకి నడిచాం. రామమందిరం అరుగు మీద చాపలు పరిచారు. గైడు మాత్రం వ్యానెక్కి అద్దాలెత్తుకుని పడుకున్నాడు.

మందిరం పక్కిల్లు ఒక ముసలావిడది. మా ఆవిడ ఏమీ తినలేదని ఎవరు చెప్పారో తెలీదు, వచ్చి చెయ్యి పట్టుకుంది. "శనోరమా? ఉండమ్మా, పప్పుసారు కాస్తాను. రేషన్ బియ్యమే, ఏటీ అనుకోకు." రాత్రి తొమ్మిదింటికి పొయ్యి రాజేసింది. అడ్డాకు విస్తరి వేసి నీళ్లు చిలకరిస్తే ఒకచోట చిల్లు కనబడింది. పక్క కట్టలోంచి ఆకుముక్క చింపి, చిల్లు మీద పెట్టి, సన్నపుల్లతో రెండు పోట్లు వేసి అతికించింది. పొగలు కక్కే అన్నం, పప్పుచారు, అరటికాయ వేపుడు, కారం ఎక్కువైన మామిడికాయ. అతుకు దగ్గర చుక్క కారలేదు. కడుపునిండా కోడిముక్కలు తిన్నానన్న నేనూ ఒక విస్తరి వేయించుకున్నాను. మా ఆవిడ రెండుసార్లు మారు వడ్డించుకుంది, తర్వాత నాతో మాట్లాడింది కూడా.

ఊరి పేరు ఎందుకు రాయనన్నానంటే ఇందుకే. పేరు రాస్తే వచ్చేవారం ఆ తెల్ల బూట్లవాడు 'విలేజ్ డిన్నర్, 499' అని ఇంకో ఫొటో పెడతాడు.

ఆదివారానికి పెట్టిన 'పీక్ ట్రెక్' అంటే గట్టు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడకేనని ఆ రాత్రే తేలింది. అప్పుడు ముసలావిడ మనవడు, "మహేంద్రగిరి పైదాకా నేను తీసుకెళ్తాను బాబాయ్, శివరాత్రికి ఏటా ఎక్కుతాం" అన్నాడు. 800కి ఒప్పందం. నేను, మావాడు, బావమరిది, నలుగురు సాఫ్ట్‌వేర్ పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఆ పిల్లలు వాళ్ల లెక్క వేరే ఇచ్చుకున్నారు. మా ఆవిడ ముసలావిడ దగ్గర ఆకులు కుట్టడం నేర్చుకుంటానని ఉండిపోయింది.

ఎక్కడానికి ఆరు గంటలు పట్టింది. సగందారిలో సవర గిరిజనుల గూడెం, ఇళ్ల ముందు ఆరబెట్టిన కొండచీపుర్ల కట్టలు. ఆ తర్వాత అంతా నిటారు. వయసు నలభై దాటినవాళ్లు కర్ర తీసుకోండి, మొహమాటపడకండి. తలకి మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి. నేను రెండు లీటర్లు తీసుకెళ్లి మావాడి దగ్గర అప్పు చేశాను. ఎక్కే ఓపిక లేనివాళ్లకి పర్లాకిమిడి వైపునుంచి పైదాకా రోడ్డుంది.

కొండ ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం ఒడిశాలో, గజపతి జిల్లాలో ఉంది. 2022లో ఒడిశా ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. పైన కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి అని పాండవుల పేర్లతో పాత రాతిగుళ్లున్నాయి. భీముడి గుడి చిన్నదే, రాళ్లు మాత్రం ఒక్కోటి ఎడ్లబండంత. ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు ఇలవేల్పుగా కొలిచిన గోకర్ణేశ్వరుడు ఈ కొండమీది దేవుడే. వాళ్ల రాజధాని కళింగనగరం మన ముఖలింగమేనని చాలామంది చరిత్రకారుల మాట. మావాడికి ఇదంతా చెబుతుంటే, "నాన్నా, ఇది స్కూల్ కాదు" అన్నాడు. ముఖలింగానికి పదిసార్లు వెళ్లినా నాకు కలగని ఆశ్చర్యం అక్కడ కలిగింది. అంత కింద కూర్చుని రాజ్యమేలినవాళ్లు తమ దేవుణ్ణి ఇంత పైన చూసుకున్నారు.

పదిన్నరకి మబ్బు విడింది. తూర్పున ఉద్దానం కొబ్బరితోటలు, వాటి వెనక సముద్రం గీత. మాకు సరిగ్గా కింద, ఎండలో ఆరేసిన రేకుముక్కల్లా మూడు నాలుగు నీటిమడుగులు మెరుస్తున్నాయి. అందులో ఒకటి మేం నిన్న చూసిన 'ఫస్ట్ లేక్'.

బావమరిది చాలాసేపు చూశాడు. "బావా, మొత్తానికి కొండా ఉంది, సరస్సులూ ఉన్నాయి. వాడు కిందా మీదా మార్చి చెప్పాడంతే" అన్నాడు. నిన్న మధ్యాహ్నం తర్వాత మొదటిసారి నవ్వాడు.

అసలు తూర్పు కనుమల్లో అలాంటి సరస్సులు ఎందుకుండవని ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి అడిగింది. అడిగారు కాబట్టి చెప్పాను. హిమాలయాల్లో చంద్రతాల్ లాంటివి 4,000 మీటర్లకి పైన ఉంటాయి. అంత ఎత్తున చాలాచోట్ల మంచు నదులు వేల ఏళ్లపాటు కొండని గోకి గుంటలు చేస్తాయి, వాటితోపాటు వచ్చిన రాళ్లూ మట్టీ అడ్డుకట్టలవుతాయి, మంచు కరిగాక అక్కడ నీళ్లు నిలుస్తాయి. మన కొండల మీద అలా గోకడానికి మంచు నదులు లేవు. పడ్డ వాన పడ్డట్టే గెడ్డల్లోకి జారిపోతుంది. ఈ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ నది బారువ దగ్గర సముద్రంలో కలిసేది అలాగే. మనకి తాటిపూడి అయినా, ఆండ్ర అయినా, కిందున్న ఈ మడుగులైనా మనుషులు గట్టు కడితే నిలిచిన నీళ్లే. ఈసారి మావాడు కూడా విన్నాడు.

దిగడం నాలుగు గంటలు. దిగేటప్పుడే మోకాళ్ల పని అయిపోయింది. ఊళ్లోకి వచ్చేసరికి వ్యాను లేదు. పదింటికే వెళ్లిపోయిందట, కొండెక్కనన్న ఇద్దరు సాఫ్ట్‌వేర్ పిల్లల్ని ఎక్కించుకుని. తిరుగు ప్రయాణం ప్యాకేజీలో ఉందని మీకు చెప్పక్కర్లేదు కదా. మందస దాకా ఆటో 300, అక్కణ్ణుంచి పలాసకి నలుగురికి 120. మధ్యలో వాసుదేవ పెరుమాళ్ గుడిలో పది నిమిషాలు, కోవా కొట్టు దగ్గర ఇరవై నిమిషాలు. అరకిలో 220. పాలు ఇగిరించిన వాసన నోట్లోనే తెలుస్తుంది, తీపి తక్కువ. మందస కోవా అని పలాసలో అమ్మేది కొనకండి, మందసలోనే కొనండి.

ముసలావిడ డబ్బు వద్దంది. మనవడి పుస్తకాలకి అంటే 500 తీసుకుని, మా ఆవిడ చేతిలో ఇరవై విస్తళ్ల కట్ట పెట్టింది. రైలు, కుర్రాడు, ఆటోలు, కోవా, ఆ ఐదొందలు అన్నీ కలిపి 2,220. మేం నిజంగా చూసినవన్నీ ఈ డబ్బుతోనే చూశాం. మందసకి మీరే వెళ్లండి, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి, కొండ ఎరిగిన ఊరివాళ్లని తోడు పెట్టుకోండి, పొద్దుగూకేలోపు ఊళ్లో ఉండండి.

డబ్బు వాపసు కోసం మూడుసార్లు ఫోన్ చేశాను. వన్యప్రాణుల వల్ల జరిగిన మార్పులకి తమ బాధ్యత లేదని నిబంధనల్లో పద్నాలుగో నంబరు చదువుకోమన్నారు. ఎలుగుబంటి రాలేదండీ, మీవాడే దాని దారిలోకి వెళ్లాడు అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. మర్నాడు మెసేజ్ వచ్చింది: తర్వాతి ట్రిప్పు మీద 500 రూపాయల కూపన్, మార్చి ఆఖరుదాకా చెల్లుతుంది. కావాల్సినవాళ్లు అడగండి, కోడ్ ఇస్తాను.