విడి ఉత్తరాలా, కట్ట ఉత్తరాలా?
డాస్ (విండోస్‌కు ముందు నాటి కంప్యూటర్ వ్యవస్థ) కాలంలో ఇంటి నుంచి డయలప్ బులెటిన్ బోర్డు, అంటే ఫోన్ లైను ద్వారా చేరి ఉత్తరాలు రాసుకునే కంప్యూటర్ వేదిక, నడిపినవారికి ఉత్తరాలు దాచడానికి రెండు దారులుండేవి. ఇలాంటి బోర్డులను కలిపిన ఫిడోనెట్ వల పాత పద్ధతిలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఎంఎస్‌జీ ఫైలు: 190 బైట్ల తలకట్టు (ఎవరు ఎవరికి రాశారు వంటి వివరాలు), ఆపై పాఠం. వద్దనుకుంటే ఆ ఫైలు చెరిపేస్తే సరి. కానీ 4 కిలోబైట్ల క్లస్టర్లు (ఫైలుకు డిస్కు ఇచ్చే కనీస చోటు) ఉన్న డిస్కులో ‘సరే’ అన్న జవాబు కూడా 4096 బైట్లు మింగేది.

అందుకే రద్దీ బోర్డుకైతే నా ఓటు ఉత్తరాలను కట్టగా దాచే రెండో దారి, జామ్ పద్ధతికే. ఎన్ని వేల ఉత్తరాలున్నా విభాగానికి నాలుగే ఫైళ్లు. జేహెచ్ఆర్‌లో తలకట్లు, జేడీటీలో పాఠాలు, జేఎల్ఆర్‌లో ఎవరు ఎంతవరకు చదివారో ఉంటాయి. ముచ్చటైనది జేడీఎక్స్ సూచిక. ఉత్తరానికి 8 బైట్లే. వాటిలో సగం గ్రహీత పేరు నుంచి లెక్కకట్టిన సీఆర్‌సీ సంఖ్య (పేరుకు బదులు పోల్చి చూసుకునే గుర్తు). మీకు ఉత్తరం వచ్చిందేమో చూడాలంటే ముందు ఈ చిన్న ఫైలు తిరగేస్తే చాలు. చెరిపినవి మాత్రం ప్యాకింగ్ (వాటిని తీసేసి ఫైళ్లను తిరిగి రాయడం) చేసేదాకా చోటు వదలవు.