టీకాలు ఎవరు కొనాలి? 2021లో నడిచిన మూడు పద్ధతుల్లో ఏది మేలు?

కోవిడ్‌ను ప్రభుత్వం ఎలా ఎదుర్కొందన్న వాదన ఎక్కడ మొదలైనా లాక్‌డౌన్ దగ్గరో, ఆక్సిజన్ దగ్గరో చిక్కుబడుతుంది. "అలా చేయకపోయుంటే ఏమయ్యేదో" అన్న ప్రశ్నకు అక్కడ ఎవరి దగ్గరా జవాబు ఉండదు. టీకాల కొనుగోలు సంగతి వేరు. ఒక్క ఏడాదిలోనే, అవే రెండు కంపెనీలతో (సీరం ఇన్‌స్టిట్యూట్, భారత్ బయోటెక్), అవే సీసాలతో మన దేశం మూడు పద్ధతులు నడిపి చూసింది. 2021 జనవరి 16 నుంచి ఏప్రిల్ 30 దాకా కొన్నది కేంద్రమే. మే 1 నుంచి ఉత్పత్తిలో సగం కేంద్రానికి, మిగతా సగం రాష్ట్రాలకూ ప్రైవేటు ఆసుపత్రులకూ పోయింది. జూన్ 21 నుంచి 75 శాతం కేంద్రం, 25 శాతం ప్రైవేటు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

కొనడం ఒక్క చేతి మీదుగా జరగాలి, వేయడం రాష్ట్రాలకు వదలాలి. లెక్కలు చూస్తే తేలేది ఇదే. అలాగని ఢిల్లీ బాగా కొన్నదని కాదు. "కేంద్రం కొనాలి", "కేంద్రం సరిగ్గా కొన్నది" అన్నవి రెండు వేర్వేరు మాటలు. టీవీ చర్చల్లో ఇవి కలగాపులగం అయిపోయాయి.

ముందు ధర. ఏప్రిల్ నాటికి కేంద్రానికి ఏ డోసైనా 150 రూపాయలు. రాష్ట్రాలు నేరుగా కొనుక్కోవచ్చని ఏప్రిల్ 19న ప్రకటన వచ్చింది. రెండు రోజులకే సీరం ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్‌కు రాష్ట్రాలకు 400, ప్రైవేటుకు 600 అని రేటు చెప్పింది. 24న భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌కు రాష్ట్రాలకు 600, ప్రైవేటుకు 1,200 అంది. గగ్గోలు పుట్టాక రాష్ట్రాల రేట్లు 300కీ 400కీ దిగాయి. వీటి మీద 5 శాతం జీఎస్టీ అదనం. కోటి డోసులకు లెక్క కడితే కేంద్రానికి 157.5 కోట్లు అయ్యేది, రాష్ట్రానికి కోవిషీల్డ్ అయితే 315 కోట్లు, కోవాగ్జిన్ అయితే 420 కోట్లు. అందరికీ ఉచితంగా వేస్తామన్న తెలంగాణ ప్రభుత్వం అందుకు 2,500 కోట్లకు పైగా ఖర్చవుతుందని అంచనా వేసుకుంది. అదే సమయంలో కేంద్ర బడ్జెట్‌లో టీకాల కోసమని 35,000 కోట్లు పెట్టి ఉన్నాయి. ఆ సొమ్ము 18-44 ఏళ్లవాళ్లకు ఎందుకు వాడకూడదని సుప్రీంకోర్టు అడిగింది. మే 31 నాటి ఉత్తర్వులో ఆ వయసువాళ్లకు ఉచితం లేకుండా చేయడం పైకి చూస్తేనే ఏకపక్షంగా, అహేతుకంగా ఉందని రాసింది.

"రాష్ట్రాలు అడిగాయి కాబట్టే ఇచ్చాం" అన్నది కేంద్రం సమర్థన. అందులో నిజం ఉంది. సొంత డబ్బుతో కొనుక్కోనివ్వమని మమతా బెనర్జీ ఫిబ్రవరి 24నే ప్రధానికి లేఖ రాశారు. ప్రజారోగ్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశం అన్న వాదనా ఉంది. కానీ అంటువ్యాధి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో ఉందన్నది ఈ వాదన చేసేవాళ్లు తరచూ మరచిపోతారు. పిల్లల టీకాలు 1985 నుంచి సార్వత్రిక కార్యక్రమం కింద కేంద్రమే కొని పంపుతోంది. ఊళ్లో టీకాలు వేసే ఏఎన్‌ఎం దగ్గరికి వచ్చే పోలియో చుక్కల సీసాకు రాష్ట్రానికో రేటు ఏనాడూ లేదు.

అసలు మెలిక కోటాలో ఉంది. మేలో ఏ రాష్ట్రం ఎన్ని డోసులు కొనాలో కూడా కేంద్రమే తేల్చింది, ఆ రాష్ట్రంలో 18-44 వయసు జనాభాను బట్టి. కొనగలిగింది రెండే కంపెనీల దగ్గర. సరుకు తక్కువ, రేటు వాళ్లు చెప్పిందే, కోటా ఢిల్లీ చెప్పిందే. ఇక రాష్ట్రం చేతిలో మిగిలింది చెక్కు మీద సంతకం పెట్టడం. పెత్తనం ఒకరిది, ఖర్చు ఇంకొకరిది అన్నమాట. దీన్ని వికేంద్రీకరణ అని సమర్థించినవాళ్లూ, అది విఫలమైంది కాబట్టి వికేంద్రీకరణే తప్పని తేల్చినవాళ్లూ ఇద్దరూ పొరబడ్డారు.

మరి బయటి దేశాల నుంచి తెచ్చుకుంటే? ఆంధ్రప్రదేశ్ కోటి డోసులకు, తెలంగాణ కోటి డోసులకు గ్లోబల్ టెండర్లు పిలిచాయి. గడువు ముగిసేసరికి ఒక్క బిడ్ కూడా రాలేదు. పంజాబ్ నేరుగా అడిగితే మోడెర్నా, ఢిల్లీ రాష్ట్ర ప్రభుత్వం అడిగితే ఫైజర్, మోడెర్నా రెండూ తాము జాతీయ ప్రభుత్వాలతోనే మాట్లాడతామన్నాయి. ఇందులో కంపెనీల అహంకారం కన్నా చట్టం పాత్రే ఎక్కువ. మన దేశంలో కొత్త టీకాకు అనుమతి ఇచ్చేది కేంద్రం కింద ఉన్న ఔషధ నియంత్రణ సంస్థ. దుష్ప్రభావాలపై దావాలు వస్తే నష్టపరిహారం నుంచి రక్షణ కావాలన్నది ఆ కంపెనీల షరతు. ఆ హామీ ఇచ్చే అధికారం ఏ ముఖ్యమంత్రికీ లేదు. టెండరులో ఎన్ని సడలింపులు రాసినా ఈ రెండు చిక్కులూ విడవవు.

ఇప్పుడు పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఏం జరిగిందో దగ్గరగా చూడాలి. కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు, డోసుకు అర మిల్లీలీటరు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య టీకాల కోసం వాడే ఐఎల్‌ఆర్ ఫ్రిజ్‌లో ఉంచాలి. మూత తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారబోయాలి. మే 1 తర్వాత అదే ఫ్రిజ్‌లో అదే కంపెనీ సీసాలకు రెండు ఖాతాలు వచ్చాయి: 45 దాటినవాళ్లకు కేంద్రం పంపినవి, 18-44 వాళ్లకు రాష్ట్రం కొన్నవి. స్టాకు రిజిస్టరు వేరు, సెషను వేరు, టీకా నమోదు పోర్టల్ కోవిన్‌లో స్లాటు వేరు. మధ్యాహ్నం మూడింటికి తెరిచిన సీసాలో నాలుగు డోసులు మిగిలాయనుకోండి. బుక్ చేసుకున్న పెద్దవాళ్లు రాలేదు. గేటు దగ్గర ముప్ఫై ఏళ్ల ఆటో డ్రైవరు నిలబడి ఉన్నాడు, కానీ అతని పేరు కోవిన్‌లో లేదు. అప్పట్లో ఆ వయసుకు ఆన్‌లైన్ బుకింగ్ తప్పనిసరి. స్మార్ట్‌ఫోన్ ఉన్న పట్నంవాడు జిల్లా దాటి వచ్చి వేయించుకుంటే, పీహెచ్‌సీ ఉన్న ఊరి కూలీకి ఓటీపీ అంటే ఏమిటో తెలియదు. డోసులు వృథా అవుతున్నాయనే మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు అనుమతించారు. ఈ చిన్న సడలింపు మొదటి రోజే ఉండాల్సింది.

వృథా లెక్కలు చూస్తే రాష్ట్రాల మధ్య తేడా ఎంతో తెలుస్తుంది. 2021 మార్చి మధ్యలో కేంద్రం చెప్పిన ప్రకారం దేశ సగటు 6.5 శాతం, తెలంగాణలో 17.6, ఆంధ్రప్రదేశ్‌లో 11.6. మేలో కేరళ తమకు వచ్చిన 73.38 లక్షల డోసుల నుంచి 74.26 లక్షలు వేశామని చెప్పింది. గారడీ ఏం లేదు. సీసాలో కంపెనీ కొంచెం ఎక్కువ నింపుతుంది. సిరంజిలోకి లాగేటప్పుడు గాలి బుడగలకు, సూది కొనకు పోకుండా చూసుకుంటే పదకొండో డోసు వస్తుంది. పదిమంది పోగయ్యాకే మూత తీయడం రెండో కిటుకు. ఇది నర్సు చేతిలోని పని, ఢిల్లీ ఆర్డర్లతో వచ్చేది కాదు. పంపిణీ రాష్ట్రాల దగ్గరే ఉండాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక కేంద్రం కొనుగోలు సంగతి. జనవరి 11న ఇచ్చిన మొదటి ఆర్డరు 1.1 కోట్ల కోవిషీల్డ్, 55 లక్షల కోవాగ్జిన్. దాదాపు 140 కోట్ల జనం ఉన్న దేశానికి అది ఏ మూలకు? ఫ్యాక్టరీ సామర్థ్యం పెరగాలంటే ముందస్తు సొమ్ము చేతిలో పడాలి. టీకా తయారీలో బల్కు (సీసాల్లో నింపే ముందటి టీకా మందు) తీయడానికి, నాణ్యత పరీక్షలకు నెలలు పడతాయి. ఏప్రిల్‌లో డబ్బిస్తే మేలో సీసాలు రావు. మే, జూన్, జూలైల కోసం 11 కోట్ల కోవిషీల్డ్‌కు 1,732.5 కోట్లు, 5 కోట్ల కోవాగ్జిన్‌కు 787.5 కోట్లు అడ్వాన్సు వెళ్లింది ఏప్రిల్ 28న. అప్పటికే శ్మశానాల్లో చోటు లేదు. టీకాల ఎగుమతుల మీద ప్రతిపక్షాలు చేసిన రభసలో సగం అనవసరం, ఎందుకంటే వాటిలో పేద దేశాలకు టీకాలందించే అంతర్జాతీయ కార్యక్రమం కోవాక్స్‌తో ఒప్పందాలూ ఉన్నాయి. ఆలస్యంగా ఇచ్చిన ఆర్డర్ల మీద మాత్రం వాళ్ల విమర్శ సూటిగా తగిలింది.

ఒక్క కొనుగోలుదారు ఉంటే బేరం మరీ పిండేస్తాడన్నది ఇంకో అభ్యంతరం. 150 రూపాయల ధర ఎక్కువ కాలం గిట్టదని భారత్ బయోటెక్ జూన్‌లో బహిరంగంగానే చెప్పింది. జూలైలో కేంద్రం కోవిషీల్డ్‌కు 205, కోవాగ్జిన్‌కు 215 చేసింది, పన్ను అదనం. పెంచాక కూడా రాష్ట్రాలకు చెప్పిన 300, 400ల కన్నా బాగా తక్కువే. పైగా కేంద్రమే భరించగల జూదం ఒకటుంది. ఇంకా అనుమతి రాని కార్బెవాక్స్‌కు 30 కోట్ల డోసుల కోసం హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇకి 1,500 కోట్ల అడ్వాన్సు ఇచ్చేందుకు జూన్‌లో ఒప్పుకుంది. ఆ టీకాకు అనుమతి వచ్చింది డిసెంబరు 28న, పిల్లలకు వేయడం మొదలైంది 2022 మార్చిలో. అనుకున్న సమయానికి అక్కరకు రాలేదు. అలాంటి దెబ్బను ఒక రాష్ట్ర ఖజానా తట్టుకోవడం కష్టం.

మూడో పద్ధతికి వద్దాం. జనాభా, కేసుల తీవ్రత, టీకాల వేగం చూసి కేంద్రం ఉచితంగా పంచేది, వృథా ఎక్కువైతే వాటా తగ్గేది. సూత్రం బయటికి చెప్పడమే పెద్ద మెరుగుదల. అది మొదలవడానికి ముందురోజు, జూన్ 20న, ఆంధ్రప్రదేశ్ ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేసింది. అయిదేళ్లలోపు పిల్లల తల్లులను కూడా పిలిచి, గ్రామ, వార్డు సచివాలయాల, వలంటీర్ల యంత్రాంగాన్ని మొత్తం దించింది. మనుషులు, సూదులు, గదులు అన్నీ ఉన్నాయని, లేనిది సరుకేనని ఆ రోజు తేలిపోయింది. మర్నాడు దేశమంతా కలిపి 80 లక్షలు దాటింది. అందులో మధ్యప్రదేశ్‌వి 16 లక్షల పైచిలుకు. ముందురోజు ఆ రాష్ట్రంలో వేసినవి వెయ్యి కూడా లేవు. ఆదివారం కాబట్టి అనుకున్నా, రికార్డు కోసం స్టాకు దాచడం కేంద్రీకృత పద్ధతికి ఉన్న జబ్బే. రికార్డు రోజులు కాదు, వారం సగటు చూడాలి.

ఈ మూడో పద్ధతిలో పని చేయని భాగం ప్రైవేటుకు ఉంచిన 25 శాతం. కోవిషీల్డ్ 780, కోవాగ్జిన్ 1,410, రష్యా టీకా స్పుత్నిక్-వి 1,145 అని గరిష్ఠ ధర కట్టారు, అందులో సర్వీసు ఛార్జీ 150. పెద్ద నగరాల్లోని కార్పొరేట్ ఆసుపత్రులే ఎక్కువ సరుకు ఎత్తుకున్నాయి. మండల కేంద్రంలోని నర్సింగ్ హోమ్ కంపెనీతో నేరుగా బేరమాడే స్థితిలో లేదు. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా దొరకడం మొదలయ్యాక ఆ వాటా నిండనేలేదు. సర్వీసు ఛార్జీ తీసుకుని ప్రభుత్వ సరుకే వేసే మొదటి పద్ధతి, అంటే డోసు 150కి ఇచ్చి, వేసినందుకు మరో 100 తీసుకోనిచ్చి 250 దగ్గర కట్టడి చేయడం, ప్రైవేటు వరకు దీనికన్నా మేలు.

ఆ సంగతి తర్వాతి ఏడాది ఇంకోసారి రుజువైంది. 2022 ఏప్రిల్ 10న 18-59 ఏళ్లవాళ్లకు ముందుజాగ్రత్త (బూస్టర్) డోసు ప్రైవేటులోనే, డబ్బు కట్టి వేయించుకోవాలన్నారు. కంపెనీలు ధర 225కి దించినా జనం కదల్లేదు. జూలై 15 నుంచి 75 రోజులపాటు అదే డోసు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం చేయాల్సి వచ్చింది.